పేరు చెప్పమ్మా! – ఆడవాళ్ళ ఓటు గురించి మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఒకమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబిస్తూ, మన దేశంలో ఆడవాళ్ళకి ఓటు ఎలా వచ్చిందో నాలుగు వాక్యాల్లో రాశాను. ఆ నాలుగు వాక్యాలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఓటు గురించే మాట్లాడుకుందాం. హైస్కూల్లో 31 ఏళ్ళు సోషల్ చెప్పాను, 7 ఎన్నికల్లో పోలింగ్ డ్యూటీ చేశాను. ఈ విషయం నాకు పాఠంగానూ తెలుసు, బూత్‌లో బల్ల ముందు కూర్చుని చూసిన పనిగానూ తెలుసు.

ప్రశ్న: ఇంగ్లండులో, అమెరికాలో ఆడవాళ్ళు ఓటు కోసం దశాబ్దాల తరబడి పోరాడారు. మనకి మాత్రం రాజ్యాంగంతో పాటు ఊరికే వచ్చేసిందని మా లెక్చరర్ అన్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: మీ లెక్చరర్ ఒక్కరే కాదమ్మా, చాలామంది ఈ మాటే అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ క్లాసులో ఇలాగే చెప్పాను. ఆ పిల్లలు ఇప్పుడు ఎదురైతే, తప్పు చెప్పానర్రా అని ఒప్పుకోవాలని ఉంటుంది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది, 326వ అధికరణం ఆడా మగా తేడా లేకుండా వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. అంతవరకూ నిజం. కానీ దాని వెనక 30 ఏళ్ళకి పైబడిన పని ఉంది.

1917లో మద్రాసు అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో అనీ బిసెంట్‌తో పాటు మార్గరెట్ కజిన్స్ ఉన్నారు. ఈ కజిన్స్ గారిది ఐర్లండు. మన మదనపల్లెలో కాపురం ఉన్నారు. ఆ ఏడాదే భారత వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి మాంటేగు మద్రాసు వస్తున్నాడని తెలిసి, ఆడపిల్లల చదువు గురించి మాట్లాడతాం, సమయం ఇవ్వండి అని ఆవిడ అర్జీ పెట్టుకున్నారు. రాజకీయ విషయాలైతేనే వింటాం అని జవాబొచ్చింది. అలాగైతే రాజకీయమే మాట్లాడదాం అని ఓటు హక్కు సంగతి రాసి మళ్ళీ పంపారు. డిసెంబరులో సరోజినీ నాయుడు ముందు నడవగా మహిళా బృందం వెళ్ళి మాంటేగుని కలిసింది. కొత్త చట్టంలో ‘ప్రజలు’ అని రాసినప్పుడు అందులో మేమూ ఉండాలి అన్నది వాళ్ళు అడిగిన దాని సారాంశం.

ఎవరికి ఓటు ఇవ్వాలో తేల్చడానికి వచ్చిన సౌత్‌బరో కమిటీ ఈ దేశంలో ఆడవాళ్ళకి ఓటు ఇప్పుడే వద్దంది. పరదాలూ ఆచారాలూ అడ్డం చెప్పింది. అడిగినవాళ్ళు ఎదురుగా కూర్చుని ఉండగానే వాళ్ళ తరఫున ‘మీకింకా వేళ రాలేదు’ అని తీర్పు చెప్పడం ఎంత అన్యాయం! 1919లో సరోజినీ నాయుడు, అనీ బిసెంట్, బొంబాయి నుంచి హీరాబాయి టాటా, ఆవిడ కూతురు మిథన్ లండన్ దాకా వెళ్ళి పార్లమెంటు కమిటీ ముందు వాదించారు. చివరికి ఆ ఏడాది చట్టం, ఇవ్వాలనుకుంటే రాష్ట్రాల శాసనసభలే ఇచ్చుకోవచ్చని వదిలేసింది. 1921లో మద్రాసు ఇచ్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి, కాబట్టి ఇది మన ఇంటి చరిత్రే. అయితే ఆస్తి ఉంటేనే ఓటు. ఆడవాళ్ళ పేరిట ఆస్తి ఎంతమందికి ఉండేదో మీకు వేరే చెప్పక్కర్లేదు.

పోటీ చేసే హక్కు 1926లో వచ్చింది. వెంటనే కమలాదేవి చట్టోపాధ్యాయ మద్రాసు శాసనమండలికి నిలబడి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ తర్వాతి ఏడాదే డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి నామినేటెడ్ సభ్యురాలిగా అదే మండలిలో అడుగుపెట్టి ఉపాధ్యక్షురాలయ్యారు.

1935 చట్టం ఒక వింత మెలిక పెట్టింది. సొంత ఆస్తి లేకపోయినా, చదువు వస్తే ఓటు. లేదా ఆస్తిపరుడి భార్యో, ఆయన పోయాక ఆయన వితంతువో అయితే ఓటు. దాంతో ఆడ ఓటర్లు సుమారు 60 లక్షలకి పెరిగారు. అదీ మంచికే అన్నవాళ్ళున్నారు. నాకు మాత్రం మనసు ఒప్పదు. ఒకరి భార్య అయినందుకు వచ్చే ఓటు ఆమె ఓటు ఎలా అవుతుంది? అప్పటి మహిళా సంఘాలు అడిగింది కూడా అది కాదు, మనిషికో ఓటు. ఆ కోరిక తీరింది రాజ్యాంగసభలోనే. ఆ సభలో 15 మంది మహిళలు కూర్చున్నారు. వాళ్ళలో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి ఒకరు. ఇంత జరిగాక ‘ఊరికే వచ్చేసింది’ అనకూడదమ్మా. మీ లెక్చరర్ గారికి ఈ పేజీ చూపించండి, చూశాక ఆయనే ఒప్పుకుంటారు.

ప్రశ్న: ప్రపంచంలో అందరికంటే ముందు ఆడవాళ్ళకి ఓటిచ్చిన దేశం ఏది? పోటీ పరీక్షకి కావాలి.
– ఒక నిరుద్యోగి

జవాబు: న్యూజిలాండ్, 1893 సెప్టెంబరు 19. పరీక్షకి ఈ ఒక్క ముక్క చాలు. కానీ ఇది ఎలా జరిగిందో కూడా తెలుసుకుంటే జన్మలో మర్చిపోరు. కేట్ షెపర్డ్ అనే ఆవిడా, ఆవిడతో కలిసి పనిచేసిన ఆడవాళ్ళూ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగు చేశారు. ఆ ఏడాది అన్ని అర్జీలూ కలిపి దాదాపు 32 వేల సంతకాలు. పెద్ద అర్జీ తాలూకు కాగితాలన్నీ ఒకదాని కొసకి ఇంకొకటి అంటించి, చీపురు కర్ర ముక్కకి చుట్టారు. పొడవు 270 మీటర్లకి పైనే. జాన్ హాల్ అనే సభ్యుడు దాన్ని సభలోకి తెచ్చి నడవలో దొర్లించి వదిలితే, విచ్చుకుంటూ విచ్చుకుంటూ వెళ్ళి అవతలి గోడకి దభీమని తగిలింది. అన్నీ ఆడవాళ్ళ పేర్లే. ఆ చప్పుడు నాకు ఇక్కడిదాకా వినిపిస్తుంది. అన్నట్టు, అక్కడ కూడా ఆడవాళ్ళు పోటీ చెయ్యడానికి 1919 దాకా ఆగాల్సి వచ్చింది.

ప్రశ్న: ఇంగ్లండులో ఓటు కోసం ఆడవాళ్ళు అద్దాలు పగలగొట్టారు, తగలబెట్టారు. ఇది హింస కాదా? గాంధీగారి దేశంలో ఉండి దీన్ని మెచ్చుకోవడం సబబేనా?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

జవాబు: సబబైన ప్రశ్న వేశారు. తగలబెట్టడాన్ని నేను మెచ్చుకోను. కానీ అక్కడి దాకా ఎందుకొచ్చిందో చూడకుండా తీర్పు చెప్పడం కూడా నాకు ఇష్టం లేదు. అక్కడ 1866లోనే అర్జీ పెట్టారు. ఆ తర్వాత 40 ఏళ్ళ పాటు అర్జీలు, సభలు, బిల్లులు, మళ్ళీ అర్జీలు. మిలిసెంట్ ఫాసెట్ వర్గం చివరిదాకా ఆ శాంతి దారిలోనే నడిచింది. ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ 1903లో మాంచెస్టరులో పెట్టిన సంఘం ఇంక లాభం లేదనుకుంది. జైలుకెళ్ళి నిరాహారదీక్ష చేసినవాళ్ళకి 1909 నుంచి ముక్కులోంచో గొంతులోంచో గొట్టం దూర్చి బలవంతంగా తిండి పోశారు. నలుగురు పట్టుకుంటే గానీ కదలకుండా ఉండని మనిషికి అలా చెయ్యడాన్ని ఏమనాలి? హింస లెక్క వేసేటప్పుడు దాన్ని కూడా వెయ్యాలి కదండీ.

మనకి కావలసిన మనిషి ఒకరు వాళ్ళలో ఉన్నారు. మహారాజా రంజిత్ సింగ్ మునిమనవరాలు కాదు, స్వయానా మనవరాలు, సోఫియా దులీప్ సింగ్. 1910 నవంబరు 18న పార్లమెంటు మీదికి వెళ్ళిన ఊరేగింపులో ముందు వరసలో నడిచింది. ఆ రోజు పోలీసులు, జనం ఆడవాళ్ళని ఎంత మొరటుగా లాగి పడేశారంటే, దాన్ని బ్లాక్ ఫ్రైడే అంటారు. ఓటు లేనప్పుడు పన్ను ఎందుకు కట్టాలని కట్టడం మానేసింది. నగలు జప్తు చేసి వేలం వేశారు. 1911లో జనాభా లెక్కల కాగితం ఇంటికొస్తే, అందులో పేర్లు నింపకుండా అడ్డంగా రాసింది: ఓటు లేదు కాబట్టి లెక్కా లేదు, ఆడవాళ్ళని లెక్కలోకి తీసుకోనప్పుడు లెక్కకి అందడానికి మేం ఒప్పుకోం అని. గాంధీగారి దేశం వాళ్ళం మనం ఇది మెచ్చుకోవచ్చు. ఒక్క అద్దం పగల్లేదు.

ఇంకో సంగతి. మదనపల్లెలో ఉండేవారని చెప్పానే, ఆ కజిన్స్ గారు కూడా మన దేశం రాకముందు లండన్‌లో ఈ ఉద్యమంలోనే జైలుకెళ్ళారు. ఇక్కడికొచ్చాక రాయి ముట్టలేదు, కలం పట్టారు. చోటుని బట్టి దారి మార్చుకున్నారంతే. 1918లో ఇంగ్లండు 30 ఏళ్ళు దాటి, ఆస్తి అర్హత ఉన్న ఆడవాళ్ళకి ఓటిచ్చింది. మగవాళ్ళతో సమానంగా 21కే ఇవ్వడానికి 1928 జూలై దాకా పట్టింది. పాంక్‌హర్స్ట్ ఆ జూన్‌లోనే పోయింది. 18 రోజుల తేడా. ఈ తారీఖులు క్లాసులో బోర్డు మీద రాసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేసేది.

ప్రశ్న: మన మొదటి ఎన్నికల్లో లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితా నుంచి కొట్టేశారని ఎవరో వాట్సాప్‌లో పంపారు. ఇలాంటివి నమ్మొచ్చా?
– గృహిణి

జవాబు: వాట్సాప్‌లో వచ్చేవన్నీ నమ్మకండి గానీ, ఇది నిజం. మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా జరిగాయి. ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. వాళ్ళలో ఆడవాళ్ళు దాదాపు 8 కోట్లు. జాబితా రాసేవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి అడిగితే, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, ఆడవాళ్ళు పేరు చెప్పలేదు. ఫలానావాడి తల్లిని, ఫలానా ఆయన భార్యని అన్నారు. రాసేవాళ్ళు అలాగే రాసుకున్నారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఇది కుదరదన్నారు. ఓటు ఒక మనిషికి ఇచ్చాం, ఆ మనిషి పేరు జాబితాలో ఉండాల్సిందే అని పట్టుబట్టారు. బీహారుకి అదనంగా గడువు కూడా ఇచ్చారు. అయినా చివరికి సుమారు 28 లక్షల మంది పేరు చెప్పలేదు. వాళ్ళని జాబితాలోంచి తీసేశారు.

సేన్ గారు చేసింది తప్పని వాదించేవాళ్ళున్నారు. వచ్చిన ఓటుని ఆచారం పేరుతో లాగేసుకున్నట్టే కదా అని. ఆ 28 లక్షల మంది సంగతి తల్చుకుంటే నాకూ బాధే. కానీ ఆయన ఆ రోజు సర్దుకుపోయి ఉంటే, ఆ తర్వాత కూడా మనం జాబితాలో ‘ఫలానావారి భార్య’గానే ఉండిపోయేవాళ్ళం. ఆయన పట్టుదలే మంచిదయిందని నా అభిప్రాయం. తర్వాతి ఎన్నికల నాటికి చాలావరకూ ఆడవాళ్ళు సొంత పేర్లతో జాబితాలోకి వచ్చారు.

ఇదంతా నేను చదివి తెలుసుకున్నది. చూసింది చెప్తాను. 1989 నవంబరు ఎన్నికలు, మెట్ట ప్రాంతంలో ఒక పల్లెటూరు, బడిలోనే బూత్. నేను మొదటి పోలింగ్ ఆఫీసర్ని. నా పనేమిటంటే, వచ్చినవాళ్ళ చీటీ చూసి, జాబితాలో నంబరు పట్టుకుని, ఏజెంట్లకి వినపడేలా పేరు గట్టిగా చదవాలి. ఎవరూ కాదనకపోతే ఆ పేరు కింద గీత గీయాలి. ఆడవాళ్ళ పేరైతే గీతతో పాటు పక్కన టిక్ కూడా పెట్టాలి, సాయంత్రం ఆడవాళ్ళు ఎంతమంది వేశారో లెక్క తేలడానికి.

పదకొండింటప్పుడు 60 దాటిన ఒకావిడ వచ్చింది. తల మీద కొంగు, చేతిలో నలిగిపోయిన చీటీ. నంబరు చూసి పేరు చదివాను. ఆవిడ కదల్లేదు. మళ్ళీ చదివాను. వెనక ఎవరినో పిలుస్తున్నాననుకుని తిరిగి చూసింది. “పేరు చెప్పమ్మా” అన్నాను. “పెద్దకోడల్నండి” అంది. ఒక ఏజెంటు నవ్వి, “ఆమేనండీ మేడమ్, మా ఊరి పెద్దకోడలు, రాసేసుకోండి” అన్నాడు. నేను రాసుకోలేదు. ఇంకోసారి, ఈసారి మెల్లగా, ఆవిడకి మాత్రమే వినపడేలా పేరు చదివి, “ఇది మీరేనా?” అని అడిగాను. ఆవిడ నా జాబితా వైపు వంగి చూసింది. చదవడం రాదు, అయినా నా వేలు ఎక్కడుందో అక్కడే చూసింది. “నాదేనండీ. మా అమ్మ పిలిచేది” అంది. తర్వాత తనంతట తనే ఆ పేరు పైకి చెప్పింది, గదిలో అందరికీ వినపడేలా.

గీత గీసి టిక్ పెట్టాను. వేలికి సిరా పూయించుకుని, బ్యాలెట్ కౌంటర్‌ఫాయిల్ మీద వేలిముద్ర వేసి వెళ్ళింది. పెళ్ళయి ఆ ఊరొచ్చినప్పుడు ఆవిడకి 11 ఏళ్ళట, మధ్యాహ్నం మాకు మంచినీళ్ళు తెచ్చిన అమ్మాయి చెప్పింది. అంటే దాదాపు 50 ఏళ్ళు ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. జాబితా రాసిన మనిషి ఎవరో గానీ, ‘పెద్దకోడలు’ అని రాసుకుని వెళ్ళిపోకుండా అసలు పేరు కనుక్కుని రాశాడు. ఆయనకి నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ప్రశ్న: ఎవరికి ఓటెయ్యాలో మా ఇంట్లో మా ఆయనా, మామగారూ చెప్తారు. నేను వేరే గుర్తుకి వేస్తే వాళ్ళకి తెలిసిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది. నా పేరు వెయ్యకండి.
– పేరు రాయని పాఠకురాలు

జవాబు: తెలియదమ్మా. మీరు చెప్తే తప్ప తెలిసే దారే లేదు. మిషన్ దగ్గరికి ఒక్కరే వెళ్తారు. బటన్ నొక్కాక పక్కన అద్దంలో చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది, అది మీకే. తర్వాత తెగి లోపలి పెట్టెలో పడిపోతుంది. ఎవరు ఎవరికి వేశారో బయటపెట్టకూడదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 128వ సెక్షన్ ఉంది. బూత్ సిబ్బంది ఆ నియమం తప్పితే జైలు శిక్ష పడొచ్చు. ఇంట్లో అడిగితే జవాబు చెప్పాలన్న రూలు ఎక్కడా లేదు.

ఆడవాళ్ళకి ఓటు వద్దన్న పెద్దమనుషులు ఇంగ్లండులో ఏమన్నారో తెలుసా? భార్య ఎలాగూ భర్త చెప్పినట్టే వేస్తుంది, అనవసరంగా ఓట్లు రెట్టింపవుతాయి అన్నారు. వాళ్ళే ఇంకో నోటితో, భర్త చెప్పినట్టు వెయ్యకపోతే కాపురాల్లో గొడవలొస్తాయి అన్నారు. మీ ఇంటి మాటలు విన్నాక ఆ పాత వాదన ఇంకా పూర్తిగా పోలేదనిపించింది. మీ ఆయన సలహా వినండి, మీ మామగారిదీ వినండి, నచ్చితే వాళ్ళు చెప్పినట్టే వెయ్యండి. నచ్చకపోతే వద్దు. భయపడకండి. మీలాగే అడిగిన ఉత్తరాలు నాకు ఈ నెలలో ఇంకో మూడు వచ్చాయి.

ప్రశ్న: యూరప్ దేశాలన్నీ ఈ విషయంలో మనకంటే ముందున్నాయి కదా?
– ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: అన్నీ కాదు. స్విట్జర్లాండులో 1959లో ఆడవాళ్ళకి ఓటు ఇద్దామా అని మగవాళ్ళని అడిగితే, మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. జాతీయ స్థాయిలో ఓటు వచ్చింది 1971లో. ఆపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న ప్రాంతంలో మగవాళ్ళు 1990లో కూడా చేతులెత్తి వద్దంటే, ఆ ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు కలగజేసుకుని ఇప్పించింది. నేను పెద్దకోడలు గారి పేరు కింద గీత గీసిన నాటికి అక్కడి ఆడవాళ్ళకి స్థానిక ఎన్నికల్లో ఓటు లేదు. అలాగని మనం భుజాలు చరుచుకోనక్కర్లేదు. 2019లో మన ఆడవాళ్ళ పోలింగ్ శాతం మగవాళ్ళని దాటింది. కానీ 2024లో గెలిచి లోక్‌సభకి వెళ్ళింది 543 మందిలో 74 మంది.

ప్రశ్న: నాకు పెళ్ళయి ఏడాదైంది. ఓటు పుట్టింట్లోనే ఉంది. అత్తగారి ఊరికి మార్చుకోవాలంటే ఇంటిపేరు మార్చాలా? భర్త పేరు తప్పనిసరిగా రాయాలా?
– కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి

జవాబు: ఇంటిపేరు మార్చక్కర్లేదు. చిరునామా మారినందుకు ఫారం 8 పెట్టండి. మీ బూత్ లెవెల్ ఆఫీసర్‌కి ఇవ్వొచ్చు, లేదా ఎన్నికల సంఘం యాప్‌లో మీరే నింపొచ్చు. అనుమానం వస్తే 1950కి ఫోన్ చెయ్యండి. రెండు చోట్లా ఓటు ఉంచుకోవడం మాత్రం నేరం, అది గుర్తుంచుకోండి. బంధువు పేరు దగ్గర భర్తే ఉండాలని లేదు, నాన్నగారి పేరు ఉండొచ్చు, అమ్మ పేరు కూడా ఉండొచ్చు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఫారం మీరు నింపకుండా ఇంట్లో మరిదికో, వీధి చివర నెట్ సెంటర్ కుర్రాడికో ఇచ్చేస్తారు. వాళ్ళు ఇంటిపేరు మార్చేస్తారు, ఒక అక్షరం మింగేస్తారు, తర్వాత ఆధార్‌తో కలవక తిప్పలు. కాబట్టి కూర్చుని మీ చేత్తో మీరే నింపండి. జాబితా వచ్చాక మీ పేరు ఒక్కో అక్షరం చూసుకోండి. తప్పుంటే మళ్ళీ అదే ఫారం 8 పెట్టి దిద్దించుకోవచ్చు.